అన్నం మానకుండా కండ పెంచుకోవడం ఎలా: జిమ్‌కి కొత్తగా వెళ్తున్నవాళ్ల తిండి లెక్క

జిమ్‌లో చేరి రెండు మూడు వారాలైన ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒకటే. "అన్నా, రోజూ వెయిట్స్ కొడుతున్నా, ఒళ్లు నొప్పులు తప్ప ఇంకేమీ రావట్లేదు. ఏం తినాలి?" ఆ వెంటనే రెండోది: "అన్నం మానేయాలా?" అడిగిన ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక, మొత్తం ఒక్కచోట రాసి పెడుతున్నాను.

అన్నం మానక్కర్లేదు. ఓట్స్, బ్రకోలీ, అవకాడో కొనక్కర్లేదు. మన కంచంలో ఇబ్బంది అన్నంతో కాదు, అన్నం పక్కన ఉండాల్సిన ప్రోటీన్ తిండి (కండకి ముడిసరుకు, పప్పు, గుడ్డు, మాంసం లాంటివి) గరిటెడే ఉండటంతో. ఆ గరిటెడుని ఎంతకి పెంచాలి, పెంచింది కండకే పోతోందా పొట్టకి పోతోందా అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఇది 18 ఏళ్లు దాటి, ఆరోగ్యంగా ఉండి, వారానికి మూడు నాలుగు రోజులు బరువులెత్తుతున్నవాళ్ల కోసం. ఆడవాళ్లకి వేరే లెక్క ఉంటుందా అని అడుగుతారు. ఉండదు, ఇదే లెక్క, ఎవరి బరువుని బట్టి వాళ్లకి. కిడ్నీ సమస్య, షుగర్, యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం డాక్టర్‌తో మాట్లాడాకే ప్రోటీన్ పెంచండి.

కావలసినవి

- వంటింట్లో వాడే చిన్న డిజిటల్ తూకం. గ్రాముల్లో చూపించేది చాలు, ఖరీదైనది వద్దు.
- ఒళ్లు తూచుకునే మెషీన్. ఇంట్లో లేకపోతే జిమ్‌లోదే వాడండి, కానీ ఎప్పుడూ అదే మెషీన్ మీద ఎక్కండి.
- టైలర్ టేపు.
- ఒక నోట్‌బుక్, లేదా ఫోన్‌లో నోట్స్.
- ఇంట్లో వంట చేసేవాళ్ల సహకారం. నవ్వకండి. వంట మీ చేతుల్లో లేకపోతే అన్నిటికంటే ముందు కావలసింది ఇదే.

ప్రోటీన్ డబ్బా ఈ జాబితాలో లేదు. దాని సంగతి ఆరో అడుగులో.

1. మూడు రోజులు ఏమీ మార్చకుండా, తిన్నదంతా రాయండి

అందరూ దాటేసే అడుగు ఇది. మొదటి రోజే పది గుడ్లు ఉడకబెట్టేసి, నాలుగో రోజుకి విసుగొచ్చి మానేస్తారు. ముందు మూడు రోజులు మామూలుగా తినండి. అందులో ఒకటి ఆదివారమో, సెలవు రోజో అయ్యేలా చూడండి. ఇడ్లీ ఎన్ని, అన్నం ఎంత, కూరలో ముక్కలెన్ని, సాయంత్రం టీతో పాటు బిస్కెట్లెన్ని, అన్నీ రాయండి. "కొంచెం", "మామూలుగా" అని రాయొద్దు, అంకె వేయండి.

నేను మొదట్లో ఈ పని చెయ్యలేదు. "ఇంట్లో రోజూ పప్పు వండుతారు కదా, నాకు ప్రోటీన్‌కి లోటేంటి?" అనుకునేవాణ్ని. ఒకరోజు అమ్మ దోసకాయ పప్పుకి కందిపప్పు కొలుస్తుంటే ఆ గ్లాసు తీసుకుని తూకం మీద పెట్టాను. గ్లాసు బరువు తీసేస్తే 130 గ్రాములు. కందిపప్పులో నూటికి 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, అంటే గిన్నె మొత్తానికి 28 గ్రాములు. తినేది నలుగురం. నా వాటాకి ఏడు గ్రాములు! ఒక గుడ్డు కంటే కాస్త ఎక్కువ, అంతే. కంచంలో పప్పు నిండుగానే కనిపించేది, ఆ నిండుదనంలో సగం దోసకాయదీ నీళ్లదీ. మీ ఇంట్లో కూడా ఒక్కసారి ఇలా తూచి చూడండి, పది వీడియోలు చూసినా తెలియనిది తెలుస్తుంది.

2. మీ అంకెలు తేల్చుకోండి

రెండే అంకెలు కావాలి.

మొదటిది ప్రోటీన్. మీ బరువుని కిలోల్లో తీసుకుని 1.6తో గుణించండి. 60 కిలోలుంటే 96 గ్రాములు, గుర్తుండటానికి వంద అనుకోండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనుషులకి కిలో బరువుకి 0.83 గ్రాములు చాలంటుంది. అది ఆరోగ్యంగా ఉండటానికి. బరువులెత్తి కండ పెంచాలనుకునేవాళ్లకి దాదాపు దానికి రెట్టింపు అవసరం. రెండు గ్రాములు దాటించి లాభం లేదు, కడుపు ఉబ్బరం తప్ప.

పొట్ట బాగా ఉన్నవాళ్లు ఉన్న బరువుతో లెక్క వేయొద్దు. ఎత్తు సెంటీమీటర్లలో చూసుకుని అందులోంచి వంద తీసేయండి. 170 సెంటీమీటర్లయితే 70. దాన్ని 1.6తో గుణిస్తే 112 గ్రాములు. మనిషి 95 కిలోలున్నా ఇదే అంకె.

రెండోది క్యాలరీలు. బరువుని 33తో గుణిస్తే, జిమ్‌కి వెళ్తూ ఉన్న బరువులోనే ఉండటానికి కావలసినది సుమారుగా వస్తుంది. 60 కిలోలకి ఓ రెండు వేలు. ఇది ఉజ్జాయింపే. ఒకరికి 1800 సరిపోతుంది, ఇంకొకరికి 2300 కావాలి. ఆ తేడా ఎంతో ఏడో అడుగులో తూకమే చెబుతుంది.

- సన్నగా ఉన్నవాళ్లు దాని మీద 250 నుంచి 300 కలపండి. అంటే ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు, పది పల్లీలు. అంతకంటే ఏమీ కాదు.
- పొట్ట ఉన్నవాళ్లు ఏమీ కలపొద్దు, ఓ 300 తగ్గించండి కూడా. కొత్తగా బరువులెత్తేవాళ్లకి ప్రోటీన్ సరిగ్గా అందుతుంటే కొవ్వు తగ్గుతూనే కండ పెరుగుతుంది. ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లకి ఈ సౌకర్యం ఉండదు.

3. ప్రోటీన్‌ని పూటలకి పంచండి

పనంతా ఇక్కడే ఉంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. వంద గ్రాములంటే భయపడకండి. మూడు పూటల్లో ఒక్కోదానికి 25 నుంచి 40, మధ్యలో పది. ఏ పూటా ఖాళీగా పోకూడదు. మన ఇళ్లలో ఖాళీగా పోయేది పొద్దుటి పూట. ఉప్మా, అటుకులు, పూరీ, మైసూర్ బజ్జీ, వీటిలో ఏది తిన్నా చేతికొచ్చేది అయిదారు గ్రాములే.

దేంట్లో ఎంత ఉంటుందో ఫ్రిజ్ మీద అంటించుకోండి:

- కోడిగుడ్డు, ఒకటి: 6 గ్రాములు
- బోన్‌లెస్ చికెన్, పచ్చిది 100 గ్రాములు: 22
- చేప, పచ్చి ముక్కలు 100 గ్రాములు: 18
- పాలు, 250 మిల్లీలీటర్లు: 8
- పెరుగు, 200 గ్రాములు: 6 నుంచి 7
- పనీర్, 100 గ్రాములు: 18
- మీల్ మేకర్, ఎండువి 30 గ్రాములు: 15
- కందిపప్పు, పెసరపప్పు, ఏదైనా పచ్చిది 30 గ్రాములు: 7
- శనగలు, ఎండువి 50 గ్రాములు: 10
- పుట్నాలు, 40 గ్రాములు: 8
- పల్లీలు, 30 గ్రాములు: 7
- బియ్యం, 100 గ్రాములు: 7
- చపాతీ, ఒకటి: 3
- ఇడ్లీ, ఒకటి: 2

జాగ్రత్త: ఇవి చాలావరకు వండకముందు తూకాలు. వంద గ్రాముల బియ్యం అన్నమయ్యేసరికి దాదాపు మూడు వందల గ్రాములవుతుంది. వంద గ్రాముల చికెన్ ఉడికితే డెబ్బై, డెబ్బై అయిదుకి దిగుతుంది. కంచంలోని అన్నాన్ని తూచి బియ్యం లెక్క వేస్తే మూడు రెట్లు ఎక్కువ తిన్నట్టు చూపిస్తుంది. కర్రీ కట్ చికెన్‌లో మూడో వంతు దాకా ఎముకే. "పావు కిలో తిన్నాను" అంటే నిజంగా నోట్లోకి వెళ్లింది 170 గ్రాములు.

నీచు తినేవాళ్లకి, 60 కిలోల మనిషికి ఒక రోజు ఇలా ఉండొచ్చు:

- పొద్దున: మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ, మూడు ఉడికించిన గుడ్లు. 26 గ్రాములు.
- మధ్యాహ్నం: 120 గ్రాముల బియ్యానికి వచ్చే అన్నం, పప్పు, ఎముకలు లేకుండా 100 గ్రాములు తూగే చికెన్ లేదా చేప, చిన్న గిన్నెడు పెరుగు. 36 నుంచి 40.
- సాయంత్రం: పుట్నాలు 40 గ్రాములు, అరటిపండు. 9.
- రాత్రి: రెండు చపాతీలు, ఒక గుడ్డు, రెండు తెల్లసొనలతో కూర, ఏదైనా ఆకుకూర, పడుకునే ముందు గ్లాసు పాలు. 26.

వంద దగ్గర దగ్గరగా వచ్చింది. క్యాలరీలు 2300 చుట్టూ ఉంటాయి. ఇందులో మీ ఇంట్లో దొరకనిది ఏమన్నా ఉందా?

శాకాహారులకి ఎక్కువ ఆలోచన కావాలి, అంతేగానీ అసాధ్యం కాదు. వీరఘట్టంలో పుట్టి గొలుసులు తెంపిన పహిల్వాన్ కోడి రామ్మూర్తి నాయుడు శాకాహారే అని చెబుతారు.

- పొద్దున: రెండు పెసరట్లు, ఒక్కోదానికి 40 గ్రాముల పెసలు పడేలా, గ్లాసు పాలు. 27. పెసరట్టు మనవాళ్లు కనిపెట్టిన ప్రోటీన్ దోశ, దాన్ని ఉప్మాతో నింపి పాడు చేసుకోకండి.
- మధ్యాహ్నం: 100 గ్రాముల బియ్యం అన్నం, 45 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు, 30 గ్రాముల మీల్ మేకర్ కూర, గిన్నెడు పెరుగు. 38.
- సాయంత్రం: పల్లీలు 30 గ్రాములు, ఏదో ఒక పండు. 8.
- రాత్రి: రెండు చపాతీలు, 80 గ్రాముల పనీర్, 150 గ్రాముల పెరుగు. 25.

పనీర్‌లో ప్రోటీన్ ఎంతో కొవ్వూ అంతే, కాస్త ఎక్కువే కూడా. పొట్ట తగ్గాల్సినవాళ్లు పనీర్ తగ్గించి మీల్ మేకర్ పెంచండి. మీల్ మేకర్‌ని వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోస్తే పచ్చి వాసన పోతుంది. "ఆడ హార్మోన్లు వస్తాయట కదా" అని జిమ్‌లో భయపెడతారు. కూరలో వేసుకునే ఈ మోతాదుకి అలాంటిదేమీ జరగదు.

శనివారం తినం, కార్తీక మాసంలో తినం, దీక్షలో ఉన్నాం అనేవాళ్లకి విడిగా ప్లాన్ అక్కర్లేదు. ఆ రోజుల్లో పై శాకాహారం జాబితాకి మారిపోండి. నెల రోజుల దీక్ష తర్వాత బలం తగ్గిందని వచ్చేవాళ్లని చాలామందిని చూశాను. తగ్గించింది దీక్ష కాదు, ఆ నెలంతా సాంబార్ అన్నంతో గడిపేయడం.

హాస్టల్లో ఉంటే మెస్ వంటని మార్చలేరు, పక్కన కలుపుకోవడమే దారి. మెస్‌వాళ్లని డబ్బులిచ్చి అదనంగా గుడ్లు ఉడికించమంటే చాలాచోట్ల చేస్తారు. అర లీటరు పాల ప్యాకెట్‌తో 16 గ్రాములు. రాత్రి డబ్బాలో నానేసిన శనగలు పొద్దున ఉడికించుకునే వీలుంటే 10. పల్లీలు, పుట్నాలు గదిలో ఎప్పుడూ ఉంచుకోండి, చెడిపోవు. మెస్‌లో పప్పు తోడేటప్పుడు గరిటెని అడుగుదాకా పోనివ్వండి. పైన తేలేవి నీళ్లు, పప్పు ఉండేది అడుగున.

ఉలవచారు గురించి కూడా అడుగుతుంటారు. ఉలవల్లో ప్రోటీన్ కందిపప్పుతో సమానంగానే ఉంటుంది. కానీ చారు అంటే ఉడికించిన నీళ్లు. ఆ చారు మనం తాగి, గుగ్గిళ్లు ఎద్దులకి పెట్టేవాళ్లం. కండలు ఎవరికి వచ్చాయో చూశారుగా. గుగ్గిళ్లు తినండి.

4. అన్నం ఎంత?

ప్రోటీన్ నిండాక మిగిలిన క్యాలరీలు అన్నం, రొట్టె, సంగటి, ఏదైనా సరే. జొన్న రొట్టె, రాగి సంగటి మంచివే, పీచు ఎక్కువ. కానీ రాగుల్లో ప్రోటీన్ బియ్యంతో సమానం, అంతకంటే ఎక్కువ అనుకోకండి. రాగి జావ తాగి ప్రోటీన్ తాగాననుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

కంచంలో క్రమం మార్చండి. మనం పప్పుతో మొదలుపెట్టి, కూరతో, చారుతో, పెరుగుతో నాలుగుసార్లు అన్నం పెట్టుకుంటాం. పప్పుకీ కూరకీ కలిపి ఒక్కసారి పెట్టుకోండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగు చివర్లో ఉత్తదే తినండి, లేదా రెండు ముద్దల అన్నంతో. పొట్ట ఉన్నవాళ్లకి ఈ ఒక్క మార్పుతోనే రోజుకి ఓ 300 క్యాలరీల దాకా తగ్గుతాయి.

సన్నగా ఉండి "ఎంత తిన్నా ఒంటికి పట్టదు" అనేవాళ్లది ఇంకో కథ. మూడు రోజుల రాత చూస్తే నూటికి తొంభైమంది తినేదే తక్కువ. ఒకరోజు బిర్యానీ దంచి, రెండోరోజు మధ్యాహ్నం దాకా టీతో నెట్టుకొస్తారు. కడుపు నిండిపోతే తాగే రూపంలో కలపండి. పాలు, అరటిపండు, రెండు చెంచాల వేయించిన పల్లీలు మిక్సీలో తిప్పితే 350 క్యాలరీల దాకా వస్తాయి. రోజుకో సున్నుండ కూడా వీళ్లకి మంచిదే. అమ్మమ్మ పంపింది కదా అని పొట్ట ఉన్నవాళ్లు చెయ్యి పెట్టకండి.

నూనె మీద కన్నుంచండి. పెద్ద చెంచాడు నూనె 120 క్యాలరీలు. గుత్తి వంకాయ కూరలో మీ వాటాకి ఎన్ని చెంచాలు వస్తుందో లెక్క వేస్తే మీకే తెలుస్తుంది. నూనె మానమనడం లేదు, సీసా వంచి పోయకుండా చెంచాతో కొలిచి పోయమంటున్నాను.

ఆకుకూరలు, కూరగాయలు రోజూ రెండు పూటలా ఉండాలి. ప్రోటీన్ పెంచిన మొదటి రెండు వారాల్లో చాలామందికి మలబద్ధకం వస్తుంది. మందు కోసం పరిగెత్తకుండా ముందు తోటకూర, పాలకూర, జామపండు, నీళ్లు పెంచి చూడండి.

5. జిమ్‌కి ముందు, తర్వాత

దీని మీద జనం పడే టెన్షన్ అనవసరం. అన్నం తిన్నాక గంటన్నర, రెండు గంటలు ఆగి వెళ్లండి. తెల్లవారుజామున అయిదింటికి వెళ్లేవాళ్లు ఒక అరటిపండు తిని వెళ్తే కళ్లు తిరగవు. కాళ్ల వ్యాయామం రోజున మాత్రం ఖాళీ కడుపుతో వెళ్లొద్దు.

అయిపోగానే అరగంటలో ప్రోటీన్ పడకపోతే చేసిందంతా వృథా అన్నది నిజం కాదు. ఇంటికెళ్లి, స్నానం చేసి, ఒకటి రెండు గంటల్లో మామూలు భోజనం చేయండి. రోజు మొత్తం లెక్క సరిపోవడమే ముఖ్యం.

6. డబ్బాల సంగతి

నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను. జిమ్‌లో చేరిన రెండో నెలలో, దగ్గర్లోని ఒక షాపువాడు చెప్పాడని మాస్ గెయినర్ డబ్బా, అంటే బరువు పెంచుతుందని అమ్మే పొడి, కొన్నాను. మూడు నెలల్లో ఆరు కిలోలు పెరిగాను, సంబరం. అద్దంలో చూసుకుంటే నడుము రెండు అంగుళాలు పెరిగింది, బెంచ్ ప్రెస్‌లో ఎత్తే బరువు అయిదు కిలోలే పెరిగింది. అప్పుడు డబ్బా వెనక చదివాను. పదార్థాల్లో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. అది పిండి పదార్థం, చక్కెరకి దగ్గర చుట్టం. నేను నాలుగు వేలు పెట్టి కొన్నది చాక్లెట్ వాసనేసిన పిండి.

అందుకే మాస్ గెయినర్ వద్దు. అదే క్యాలరీలు అన్నంలోనూ అరటిపండులోనూ చవకగా వస్తాయి.

వే ప్రోటీన్ పాల నుంచి తీసినదే, మందు కాదు. తిండితో అంకె అందుతుంటే అక్కర్లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా కండ కోసం ప్రోటీన్ పొడులు వద్దనే ఉంది. శాకాహారులకో, రోజంతా బయట తిరిగేవాళ్లకో రోజూ 20, 25 గ్రాములు తక్కువ పడుతుంటే ఒక స్కూప్ ఆ ఖాళీని పూడుస్తుందన్నది నా అనుభవం. కొనేముందు మూడు చూడండి: డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ ఉందా, స్కూప్ 30 గ్రాములైతే అందులో ప్రోటీన్ 22 దాటుతుందా, మూత సీల్ చెక్కుచెదరకుండా ఉందా. సగం ధరకి ఇస్తామంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

బరువులెత్తే బలం పెంచే క్రియేటిన్ మోనోహైడ్రేట్ అనే పొడి రోజుకి 3 నుంచి 5 గ్రాములు, ఏ పూటైనా. పని చేస్తుంది, కానీ మొదటి మూడు నెలలు తిండి కుదుర్చుకోకుండా దాని జోలికి పోకండి. మొదటి రెండు మూడు వారాల్లో కిలో దాకా నీళ్ల బరువు పెరుగుతుంది, అది కండ కాదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే అంకె) కాస్త ఎక్కువ చూపించొచ్చు, కాబట్టి వాడుతున్నట్టు డాక్టర్‌కి ముందే చెప్పండి. కిడ్నీ సమస్య ఉంటే ముట్టుకోవద్దు.

ఎవరైనా "ఒక చిన్న కోర్సు" అంటూ స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి గానీ, పేరు లేని మాత్రల గురించి గానీ ఎత్తితే ఆ జిమ్ మానేయండి. గుండె, లివర్, పిల్లలు పుట్టే శక్తి, మూడూ పోగొట్టుకునే బేరం అది.

7. ఫలితం ఎలా చూసుకోవాలి?

నిద్ర లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఏమీ తాగకముందు రోజూ బరువు చూసుకుని రాయండి. ఒక్కరోజు అంకెని పట్టించుకోవద్దు. ముందురోజు ఆవకాయ అన్నం తిన్నా, నిద్ర తక్కువైనా కిలో అటూ ఇటూ అవుతుంది. ఏడు రోజులవీ కలిపి ఏడుతో భాగించండి. ఈ వారం సగటుని పోయిన వారం సగటుతో పోల్చండి.

నడుము కొలత వారానికోసారి, బొడ్డు దగ్గర, ఊపిరి మామూలుగా వదిలాక. పొట్ట లోపలికి లాగితే మోసపోయేది మీరే.

జిమ్‌లో ఏ వ్యాయామంలో ఎంత బరువు, ఎన్నిసార్లు ఎత్తారో రాయండి. కొత్తవాళ్లకి ఇది వారం వారం పెరగాలి.

మొదటి రెండు వారాలు వదిలేయండి, అవి నీళ్లూ ఉప్పూ ఆడే ఆట. మూడో వారం నుంచి ఇలా సరిచేసుకోండి:

- 60 కిలోల మనిషికి వారానికి 150 నుంచి 300 గ్రాములు పెరుగుతూ, నడుము దాదాపు అలాగే ఉండి, ఎత్తే బరువు పెరుగుతుంటే ఏమీ మార్చొద్దు. నెలకి కిలో దాటకపోతే నిరాశ పడకండి, కండ వచ్చే వేగమే అది.
- రెండు వారాలు సగటు కదలకపోతే రోజుకి 200 క్యాలరీలు కలపండి. గుప్పెడు అన్నం, ఒక గ్లాసు పాలు. అంతే, ఒకేసారి రెట్టింపు చేయొద్దు.
- నెలలో నడుము రెండు సెంటీమీటర్లు దాటి పెరిగితే అన్నం, నూనె తగ్గించండి. ప్రోటీన్ ముట్టుకోవద్దు.
- బరువు పెరుగుతోంది, ఎత్తే బరువు పెరగట్లేదంటే తప్పు తిండిది కాకపోవచ్చు. సెట్లు సగంలో ఆపేస్తున్నారా, ఫోన్ చూస్తూ కూర్చుంటున్నారా, రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటున్నారా చూసుకోండి. ఏడు గంటల నిద్ర లేకపోతే గుడ్లు ఎన్ని తిన్నా దండగే.
- పొట్ట ఉన్నవాళ్లకి బరువు నిలకడగా ఉండి నడుము తగ్గుతుంటే గెలిచినట్టే. మెషీన్ మీద అంకె మారలేదని ఏడవకండి.

తరచూ చేసే తప్పులు

పచ్చి గుడ్డు పాలలో కొట్టుకుని తాగడం. పాతకాలం పహిల్వాన్లు తాగేవాళ్లని చెబుతారు. పచ్చి గుడ్డులోని ప్రోటీన్‌లో ఒంటికి పట్టేది సగమే, ఉడికిస్తే తొంభై శాతం పడుతుంది. పైగా కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం. ఉడికించుకోండి.

పచ్చసొన పారేయడం. గుడ్డులో ప్రోటీన్ దాదాపు సగం సొనలోనే ఉంటుంది, విటమిన్లలో ఎక్కువ భాగం అక్కడే. కొలెస్ట్రాల్ ఎక్కువని డాక్టర్ చెప్పినవాళ్లు ఆయన చెప్పినన్నే తినండి. మిగతావాళ్లు రోజుకి మూడు నాలుగు సొనలు తిని, ఇంకా కావాలంటే తెల్లసొన కలుపుకోండి.

సోమవారం నుంచి శుక్రవారం దాకా లెక్కగా తిని, శని ఆదివారాల్లో ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీతో లెక్క చెరిపేయడం. బిర్యానీ మానక్కర్లేదు. ఒక ప్లేటు, ముక్కలు ఎక్కువ, అన్నం సగం, పెరుగు చట్నీ. కూల్‌డ్రింక్ వద్దు. మందు అలవాటుంటే అది వారం కష్టాన్ని ఎంత తింటుందో మీ నోట్‌బుక్కే చూపిస్తుంది.

శనగలు, ఉలవలు ఒక్కసారిగా పెంచి, గ్యాస్ పట్టి మానేయడం. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఇంగువ, అల్లం వేసి మెత్తగా ఉడికించండి. మొదటి వారం పాతిక గ్రాములు, తర్వాతి వారం యాభై.

పక్కనోడి ప్లాన్ కాపీ కొట్టడం. ట్రైనర్ 85 కిలోల మనిషి, పదేళ్లుగా చేస్తున్నాడు. ఆయన తినేది మీరు తింటే మిగిలేది బొజ్జే.

ఇంట్లో చెప్పకుండా విడిగా వండుకోవడం మొదలుపెట్టడం. నాలుగు రోజులు నడుస్తుంది, అయిదో రోజు గొడవ. దానికంటే "అమ్మా, పప్పు ఇంకో అరగ్లాసు ఎక్కువ వెయ్యి, నాకు అడుగు నుంచి తోడు" అని అడగండి. మా ఇంట్లో ఆ అరగ్లాసు వల్ల నాన్నకి కూడా ప్రోటీన్ పెరిగింది, ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఒకసారి వేసుకున్న అంకెనే ఏడాదంతా పట్టుకుని ఉండటం. 60 నుంచి 65 కిలోలకి వచ్చాక మళ్లీ 1.6తో గుణించండి. 104 గ్రాములు వస్తుంది. 96కి మీద ఎనిమిది, అంటే పాత జాబితాకి రోజూ ఇంకో గ్లాసు పాలు.